వాక్యంలో పదో మాట

పోయిన సంచికలో, ముసలివారి సంరక్షణ పనికి ఇజ్రాయెల్ వెళ్లాలనుకునే అమ్మాయిల కోసం ఒప్పందం కాగితాలు, జీతం, సెలవుల గురించి రెండు పేజీలు రాశాను. మధ్యలో మాటవరసకు ఒక వాక్యం పడింది: "మా సబాను తెల్లవారకముందే చక్రాల కుర్చీలో ప్రార్థనకు తీసుకుపోయేదాన్ని, ఆయన రాకపోతే అక్కడ ప్రార్థన మొదలయ్యేది కాదు." ఒప్పందం కాగితాల గురించి ఇద్దరే అడిగారు. మిగిలిన ఉత్తరాలన్నీ ఆ ఒక్క వాక్యం మీదే. సరే, ఈసారి శీర్షిక మొత్తం సబాకే.

కొత్తగా చదువుతున్నవారికి రెండు ముక్కలు. మాది పాలకొల్లు దగ్గర పల్లె. కొన్నాళ్లు ఆసుపత్రిలో ఆయాగా చేసి, 2008లో ఇజ్రాయెల్ వెళ్లాను. తొమ్మిదేళ్లూ ఒకే ఇంట్లో చేశాను. సబా అంటే హీబ్రూలో తాత. ఆయన కొచ్చిన్ యూదుడు. ఎర్ణాకుళంలో పుట్టి, 1954లో పదిహేనేళ్ల వయసులో తల్లిదండ్రులతో పాటు ఆ దేశం వచ్చేశారు. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయింది, వినికిడి సగమే. నాకు మలయాళం రాదు, ఆయనకు తెలుగు రాదు. కానీ మొదటి రోజు ఆయన చెవి చూపించి "చెవి" అన్నారు. మలయాళంలోనూ చెవి చెవేనట. అక్కడి నుంచి మాకు కుదిరింది.

ప్రశ్న: అమ్మా, 'నలుగురితో నారాయణ, కులంతో గోవింద' అని మనవాళ్లు సామెత చెబుతారు. అంటే నీ సొంత తెలివి పక్కన పెట్టి అందరితో పాటు పొమ్మని. యూదులు మనిషికీ మనిషికీ ఉన్న తేడాను గౌరవిస్తారని చదివాను. మళ్లీ పదిమంది లేనిదే ముఖ్యమైన ప్రార్థన చేయకూడదంటారట. ఈ రెండూ ఒకచోట ఎలా పొసుగుతాయి?
— ఉపాధ్యాయిని, తణుకు

టీచరమ్మా, సిద్ధాంతాలు నాకు తెలియవు, ఇంటర్ తప్పినదాన్ని. చూసింది చెబుతాను.

మేమున్నది నెగెవ్ ఎడారి వైపు ఒక మొషావ్. కిబ్బుట్జ్ అని మీరు పాఠంలో చెప్పే ఉంటారు, అక్కడ ఒకప్పుడు ఆస్తి అంతా ఉమ్మడి. పిల్లలు కూడా తల్లుల దగ్గర కాక పిల్లల కోసం కట్టిన ఇళ్లలో పడుకునేవారు. మొషావ్ అలా కాదు. ఎవరి ఇల్లు వారిది, ఎవరి సాగు వారిది, అమ్మకాలూ కొనుగోళ్లూ మాత్రం సహకార సంఘం చూసేది. కొచ్చిన్ నుంచి వచ్చినవారిని అప్పటి ప్రభుత్వం ఎక్కువగా ఇలాంటి మొషావ్‌లకే పంపింది. నెవతిమ్ అనేది వాటిలో పేరున్నది, అక్కడ కొచ్చిన్ పద్ధతి సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం), చిన్న ప్రదర్శనశాల ఉన్నాయి. మాది అంత పేరున్నది కాదు. పిల్లలు చదువులకూ ఉద్యోగాలకూ పట్నాలకు పోయారు. మిగిలింది ముసలివారు, కోళ్లు.

ఆరు కాకముందే ఫోను మోగేది. చేసేది గబ్బాయి, అంటే సినగాగ్ వ్యవహారాలు చూసే పెద్దమనిషి. ఒకటే మాట: "ఒకరు తక్కువ." అంతే, పెట్టేసేవాడు. సబా అప్పటికే దుప్పటి తోసేసి కూర్చుని ఉండేవారు. ఎడారి చలి మీకు తెలియదు, జనవరిలో వేళ్లు కొంకర్లు పోతాయి. ఆ చలిలో ఆయనకు స్వెట్టరు తొడిగి, మెడకు గుడ్డ చుట్టి, కుర్చీ తోసుకుంటూ పోయేదాన్ని. లోపల ఆయన చేసేది ఏమీ లేదు. పుస్తకం పట్టుకోలేరు. తెఫిల్లిన్ అని తోలుపట్టీలున్న చిన్న నల్ల పెట్టెలు ఎడమచేతికీ నుదుటి మీదా కట్టుకుంటారు, అవి కూడా పక్కవారే కట్టాలి. పది నిమిషాలకల్లా గురక.

ఒకరోజు విసుగొచ్చి అడిగేశాను: "సబా, నిద్రపోవడానికి అంత దూరం ఎందుకు? మంచం ఇక్కడే ఉందిగా." ఆయన నవ్వి, అల్మారాలో ఒక లావుపాటి పుస్తకం చూపించారు. పదహారో శతాబ్దంలో యోసేఫ్ కారో అనే రబ్బీ, అంటే మతగురువు, కూర్చిన ధర్మశాస్త్రం, షుల్హాన్ ఆరుఖ్. పదిమందిలో ఒకరు నిద్రపోయినా అతన్ని లెక్కలోకి తీసుకోవచ్చని అందులో రాసి ఉందట. "నా గురకకు కూడా చట్టం ఉంది" అన్నారు.

ఆ పదిమందినే మిన్యన్ అంటారు. ఒంటరిగా ప్రార్థన చేసుకోవచ్చు, ఎవరూ ఆపరు. కానీ పోయినవారి కోసం చెప్పే కదీష్, తోరా అనే వాళ్ల పవిత్ర గ్రంథం చుట్ట తెరిచి చదవడం లాంటివి పదిమంది ఉంటేనే. ఆ పదిమంది ఎలాంటివారన్న ప్రశ్న లేదు. సబా చెప్పే సామెత ఒకటుంది: తొమ్మిదిమంది రబ్బీలు కూర్చున్నా మిన్యన్ కాదు, పదిమంది చెప్పులు కుట్టేవాళ్లు కూర్చుంటే అయిపోతుంది.

ఇక లెక్కపెట్టే తీరు వినండి. నన్ను కట్టిపడేసింది అదే. వాళ్లు మనుషులను ఒకటి, రెండు అని లెక్కపెట్టరు, తప్పు. నిర్గమకాండములో కూడా జనాభా లెక్క అవసరమైతే తలలు లెక్కపెట్టకుండా తలకొక అర షెకెలు నాణెం తీసుకున్నారు, మన తెలుగు బైబిలులో అర తులమని ఉంటుంది. ధనవంతుడు ఎక్కువ ఇవ్వకూడదు, బీదవాడు తక్కువ ఇవ్వకూడదు. మరి సినగాగ్‌లో పొద్దున్నే నాణేలెక్కడ? అందుకని పది మాటలున్న ఒక వాక్యం ఎంచుకున్నారు. 28వ కీర్తన చివరి వచనం. నీ జనాన్ని రక్షించు, నీ సొత్తును ఆశీర్వదించు, వారిని మేపి ఎప్పటికీ మోయి అని దాని భావం. గబ్బాయి ఒక్కొక్కరి వైపు చూస్తూ ఒక్కొక్క మాట అంటాడు. హోషీఆ, ఎత్, అమెఖా... తొమ్మిదోవాడి దగ్గర "అద్" అని ఆగిపోతుంది. అంటే "వరకు". ఏమిటి వరకు? ఎంతవరకు? పదో మాట "హాఓలామ్" రావాలి. నేను కుర్చీ గడప దాటించేసరికి గబ్బాయి సబా వైపు చూసి "హాఓలామ్" అనేవాడు. ఎప్పటికీ అని ఒక అర్థం, లోకం అని ఇంకొక అర్థం ఆ మాటకు.

మీరు తెలుగు చెబుతారు కదా, మీకే ఎక్కువ తెలుసు. "ఎత్" అనే మాటకు విడిగా అర్థమే లేదు, వ్యాకరణం కోసం ఉన్న ముక్క. మన ద్వితీయా విభక్తి లాంటిది. ఆ రోజు ఎవరికి ఏ మాట పడుతుందో తెలియదు. "ఎత్" పడినవాడు ఊరికే పోడు, అతను లేకపోతే వాక్యం తెగిపోతుంది.

మనం పిల్లవాణ్ణి మెచ్చుకోవాలంటే "అచ్చు గుద్దినట్టు వాళ్ల నాన్నే" అంటాం. మిష్నా అని వాళ్ల పాత ధర్మగ్రంథంలో దీనికి సరిగ్గా ఎదురు మాట ఉంది. మనిషి ఒక్క అచ్చుతో వంద నాణేలు ముద్రిస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. దేవుడు మనుషులందరినీ ఆదాము అనే ఒక్క అచ్చుతోనే ముద్రించాడు, అయినా ఒక్కడూ ఇంకొకడిలా లేడు. కాబట్టి ప్రతివాడూ "నా కోసమే ఈ లోకం సృష్టి అయింది" అనుకోవాలట. సబా ఇది ఎప్పుడు చెప్పేవారంటే, నేను ఆయన కోడలి వంటతో నా వంట పోల్చుకుని మొహం ముడుచుకున్నప్పుడు.

ఒక్క సంఘటన చెప్పి ముగిస్తాను. ఒకరోజు పొద్దున మా గబ్బాయి తల్లి సంవత్సరీకం. ఆయన కదీష్ చెప్పాలి. తొమ్మిదిమందే ఉన్నారు. అందరికీ ఫోన్లు అయ్యాయి, పదోవాడు దొరకలేదు. ఇరవై నిమిషాలు గడిచాయి. ఇంతలో పార్సిళ్లు తెచ్చే వ్యాను ఒకటి వచ్చి ఆగింది. దిగిన కుర్రవాడికి చెవికి పోగు, చేతి నిండా పచ్చబొట్లు. యూదుడివేనా అని అడిగితే, "అవును, అయితే ఏమిటి? పదమూడో ఏట తోరా చదివించారు, తరువాత ఈ గడప తొక్కలేదు" అన్నాడు. చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయారు. నెత్తిన టోపీ పెట్టారు. వాడికి ఎక్కడ లేవాలో, ఎక్కడ కూర్చోవాలో తెలియదు. ఫోను చూసుకుంటూ నిలబడ్డాడు. మా గబ్బాయి కదీష్ మొదలుపెట్టాడు, ఆ కుర్రవాడు రెండుసార్లు ఆమెన్ అన్నాడు, ఒకసారి తప్పు చోట. ఎవరూ దిద్దలేదు. పోయేటప్పుడు వాడి జేబులో అరిసెలు కుక్కారు. అవును, అరిసెలే, నేను చేసినవే.

నలుగురితో నారాయణ అంటే, నలుగురూ అన్నది నువ్వూ అను అని కదా. అక్కడ ఆ కుర్రవాణ్ణి ఏమీ అనమని అడగలేదు. రమ్మన్నారు, అంతే. మీరడిగిన రెండూ ఎలా పొసుగుతాయో నాకు అర్థమైనంతవరకు అదే.

ప్రశ్న: పదిమంది అంటే పదిమంది మగవాళ్లేనటగా? తొమ్మిదేళ్లు కుర్చీ తోసి, చలిలో బయట నిలబడి, లెక్కలోకి రాకుండా ఉండటానికి మీకు మనసెలా ఒప్పింది?
— గృహిణి, ఖమ్మం

పైన చెప్పిన కథలో ఒక ముక్క దాచాను. మీరు పట్టేశారు.

ఆ ఇరవై నిమిషాలూ ఆ గదిలో ఉన్నది పదిమందిమే, తొమ్మిదిమంది మగవారు, కుర్చీ వెనక నేను. ఒక్కరూ నన్ను చూడలేదు. నేను యూదురాలిని కాదు కాబట్టి నన్ను లెక్కించకపోవడంలో అన్యాయం లేదు. కానీ పక్కనే జాలీ వెనక సబా చెల్లెలు కూర్చుని ఉంది. ఆవిడకు ప్రార్థన పుస్తకం మొత్తం కంఠస్థం. ఆవిడ కూడా లెక్కలో లేదు, చెవిపోగు కుర్రవాడు మాత్రం లెక్కలోకి వచ్చాడు. కోపం రాలేదని అబద్ధం చెప్పలేను. ఆ రోజు సబాకు కాఫీ చప్పగా ఇచ్చాను.

అన్నిచోట్లా ఇలాగే ఉండదు. సనాతన పద్ధతి పాటించేవారు మగవారినే లెక్కిస్తారు. అమెరికాలోని కన్సర్వేటివ్ శాఖ 1973లో ఆడవారిని కూడా మిన్యన్‌లో లెక్కించవచ్చని నిర్ణయించింది. రిఫార్మ్ శాఖలో ఆడ రబ్బీలే ఉన్నారు. జర్మనీలో రెగీనా యోనాస్ అనే ఆవిడ 1935లోనే రబ్బీ అయింది, తరువాత నాజీలు ఆవిడను ఆష్విట్జ్‌లో చంపేశారు.

సబా చెల్లెలిని ఒకసారి అడిగాను. ఆవిడ లోపలికి వెళ్లి చేతిరాత నోటుపుస్తకం ఒకటి తెచ్చింది. కొచ్చిన్ యూదుల ఆడవారు పెళ్లిళ్లలో, పండుగల్లో మలయాళంలో పాటలు పాడేవారు. తల్లి దగ్గర నుంచి కూతురు రాసుకుంటూ వచ్చిన పుస్తకాలవి. ఇవి మగవారి ముందు కూడా పాడేవారట. "వాళ్ల లెక్క వాళ్లది, పాట మాది" అంది. ఆ జవాబు నాకు పూర్తిగా సరిపోలేదు. మీకూ సరిపోదని తెలుసు.

ప్రశ్న: మా గుంటూరు జిల్లాలో చేబ్రోలు దగ్గర కూడా యూదులున్నారని విన్నాను. నిజమేనా? మీ సబా వాళ్లను తమవాళ్లుగా ఒప్పుకునేవారా?
— డిగ్రీ విద్యార్థి, తెనాలి

ఉన్నారు బాబూ. కొత్తరెడ్డిపాలెంలో కొన్ని కుటుంబాలు తమను బెనే ఎఫ్రాయిమ్ అని, అంటే ఎఫ్రాయిము సంతతి అని చెప్పుకుంటాయి. తప్పిపోయిన ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటి తమదని వారి నమ్మకం. ఎక్కువమంది మాదిగ కుటుంబాలవారు, అంతకుముందు క్రైస్తవులు. 1980ల చివరి నుంచి బహిరంగంగా యూదు ఆచారాలు పాటిస్తున్నారు. సొంత సినగాగ్ ఉంది, తెలుగులోనూ హీబ్రూలోనూ ప్రార్థిస్తారు. ఇజ్రాయెల్ ప్రభుత్వం వారిని యూదులుగా గుర్తించలేదు. మణిపూర్, మిజోరంలలోని బెనే మెనాషేవారిని మాత్రం 2005లో అక్కడి ప్రధాన రబ్బీల్లో ఒకరు ఇశ్రాయేలు సంతతిగా ఒప్పుకున్నారు.

సబాకు ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన వెంటనే ఏమీ అనలేదు. చాలాసేపటికి తన చెయ్యి చూపించి "ఈ రంగు చూశావా?" అన్నారు. కొచ్చిన్‌లో యూదులు వందల ఏళ్లు రెండుగా, మూడుగా చీలి బతికారు. మట్టాంచేరిలో 1568లో కట్టిన పరదేశీ సినగాగ్‌కు యాత్రికులు ఇప్పటికీ వెళతారు, నేలమీద పరిచిన చైనా పలకలు చూడటానికి. ఆ సినగాగ్‌వారు తమను తెల్లవారమనుకునేవారు. సబావాళ్ల వంటి మలబారీ యూదులను నల్లవారనేవారు, పెళ్లి సంబంధాలు కలుపుకునేవారు కాదు. ఇంకా కింద, బానిసత్వం నుంచి విడుదలైనవారి సంతతి. వారు అదే పరదేశీ సినగాగ్‌కు వచ్చేవారు కానీ బల్లల మీద కూర్చోకూడదు, తోరా చదవడానికి వారిని పిలవరు. 1882లో వారిలో పుట్టిన అబ్రహాం బరాక్ సేలం వకీలు అయ్యాడు, ఆ అన్యాయం మీద గాంధీ పద్ధతిలో నిరసన చేశాడు. ఆయన్ను యూదుల గాంధీ అనేవారు. ఏళ్ల తరబడి పట్టుబట్టాక ఆ అడ్డుగోడలు ఒక్కొక్కటిగా కూలాయి. ఈలోగా ఇజ్రాయెల్ ఏర్పడింది, జనం వెళ్లిపోయారు. ఇప్పుడు ఆ మందిరంలో మిన్యన్ కావాలంటే చూడటానికి వచ్చిన విదేశీ యాత్రికుల్లో యూదులెవరో వెతుక్కోవాలి. ఇది చెప్పి సబా నవ్విన నవ్వు మంచి నవ్వు కాదు.

ముంబై, కొంకణ్ వైపు బెనే ఇజ్రాయెల్ అనే వేరే యూదులున్నారు. గానుగ ఆడించి నూనె తీసేవారు, శనివారం మాత్రం గానుగ కట్టేవారు కాదు. అందుకని చుట్టుపక్కలవారు 'శనివార్ తేలీ' అనేవారు. వారు ఇజ్రాయెల్ వెళ్లాక, 1960ల మొదట్లో, పెళ్లికి ముందు వీరి వంశం విచారించాలని అక్కడి రబ్బీల వ్యవస్థ ఆదేశం ఇచ్చింది. సొంత దేశమనుకుని వచ్చినవారికి ఎలా ఉంటుంది చెప్పు. 1964లో యెరూషలేములో ధర్నాకు కూర్చున్నారు. చివరకు పార్లమెంటు వీరు అన్ని విధాలా యూదులేనని తీర్మానించింది, ఆదేశంలో నుంచి వారి పేరు తీసేశారు.

కాబట్టి నీ ప్రశ్నకు సబా జవాబు ఇది, ఆయన మాటల్లోనే: "నన్ను లెక్కపెట్టడానికి నాలుగు వందల ఏళ్లు ఆలోచించారు. నేను ఇంకొకరి లెక్క చూడటానికి ఎవరిని?" ఆయన పెద్ద పండితుడు కాదు, ఇది తీర్పూ కాదు. నువ్వు కొత్తరెడ్డిపాలెం వెళ్లదలిస్తే ఒకటి గుర్తుంచుకో. శనివారం వెళ్లి ఫోటోలు తీయవద్దు. వారికి అది షబాత్, విశ్రాంతి దినం.

ప్రశ్న: మా మనవడు ప్రతి మాటకూ ఎదురు చెబుతాడు. యూదుల్లో వాదించుకోవడమే చదువట, వాడు ఎక్కడో విని నాకే అప్పజెబుతున్నాడు. వాదనతో ఇల్లు కలిసి ఉంటుందా?
— విశ్రాంత హెడ్ క్లర్కు, వరంగల్

ఉంటుందండీ, ఒక షరతు మీద.

వాళ్లు ఒంటరిగా చదవరు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని, ఒకరు చెప్పిందాన్ని ఇంకొకరు పొడుస్తూ చదువుతారు. హవ్రూతా అంటారు. శుక్రవారం మధ్యాహ్నం సబా దగ్గరకు ఒక ముసలాయన వచ్చేవాడు, ఇద్దరూ బల్ల గుద్దుకుంటూ అరుచుకునేవారు. మొదటి వారం నేను భయపడి నీళ్లు తెచ్చిపెట్టాను. తరువాత తెలిసింది, నలభై ఏళ్లుగా వాళ్లిద్దరి స్నేహం అదేనని.

తాల్ముద్ అని వాళ్ల పెద్దల ధర్మచర్చల గ్రంథంలో ఒక కథ ఉంది. రబ్బీ యోహనాన్ గొప్ప పండితుడు. రేష్ లకీష్ మొదట దొంగల ముఠాలో ఉన్నవాడు. యోహనాన్ అతన్ని మార్చి, చదువు చెప్పి, తన తోబుట్టువునిచ్చి పెళ్లి చేసి, చదువులో జోడీగా చేసుకున్నాడు. రేష్ లకీష్ పోయాక ఆ స్థానంలో ఇంకొక పండితుణ్ణి కూర్చోబెట్టారు. ఈయన యోహనాన్ ఏది చెప్పినా "మీ మాట నిజమేనని ఫలానా చోట ఆధారం ఉంది" అనేవాడు. యోహనాన్‌కు ఏడుపొచ్చింది. "రేష్ లకీష్ నేనేది చెప్పినా ఇరవై నాలుగు అభ్యంతరాలు లేవదీసేవాడు, నేను ఇరవై నాలుగు సమాధానాలు వెతికేవాణ్ణి, దానితో ధర్మం విచ్చుకునేది. నా మాట నిజమని నాకు తెలియదా?" అని బట్టలు చించుకుని, "ఎక్కడున్నావు?" అంటూ తిరిగి మతి పోగొట్టుకున్నాడు.

ఇంతవరకే చెప్పి అందరూ ఆపుతారు. అసలు రేష్ లకీష్ ఎలా పోయాడో చెప్పరు. ఒకరోజు కత్తులూ కటారుల గురించిన ధర్మం మీద వాదన నడుస్తుంటే, యోహనాన్ నోరు జారి "దొంగకు దొంగతనం పనిముట్లు తెలుసులే" అన్నాడు. పాత బతుకు ఎత్తిపొడిచాడు. ఆ మాటకు కుంగి రేష్ లకీష్ మంచాన పడి పోయాడు.

అయ్యా, మనవణ్ణి ఇరవై నాలుగు అభ్యంతరాలూ చెప్పనివ్వండి. పదో తరగతిలో వాడికి వచ్చిన మార్కులు మాత్రం ఎత్తకండి.

ప్రశ్న: నేను దుబాయిలో పనిచేస్తాను. నాన్న పోతే మూడో రోజుకు గానీ రాలేకపోయాను. వచ్చాక ఇల్లంతా జనం, నాకు మాత్రం ఒంటరిగా ఏడవాలనిపించింది. యూదులు ఈ సమయంలో ఏమి చేస్తారు?
— డ్రైవరు, ఆర్మూరు

నాయనా, ముందు నీ మీద నీకున్న కోపం దించుకో. మూడో రోజుకైనా చేరావు.

సబా 2017లో పోయారు. ఆ రోజే ఖననం అయిపోయింది, వాళ్లు ఆలస్యం చేయరు. అందరికీ ఒకే రకం తెల్లటి సాదా గుడ్డలు, జేబులుండవు. ఒకప్పుడు ఖరీదైన వస్త్రాలు చుట్టలేక బీదవారు శవాలను వదిలి పారిపోయేవారట. రబ్బన్ గమలియేలు అనే పెద్దాయన, తనను మామూలు నారబట్టలో పంపమని చెప్పి ఆ పోటీ మాన్పించాడు. బతికున్నప్పుడు ఎవరి ముఖం వారిదని అంత పట్టుపట్టినవారు, ఇక్కడికి వచ్చేసరికి అందరినీ ఒకటి చేసేస్తారు.

తరువాత ఏడు రోజులు షివా, అంటే ఇంట్లో కూర్చుని దుఃఖం పాటించడం. దగ్గరివారు ఎత్తు తక్కువ పీటల మీద కూర్చుంటారు. తలుపు తీసే ఉంటుంది, తట్టి రానక్కరలేదు. ఖననం నుంచి వచ్చాక మొదటి భోజనం ఇంట్లోది కాకూడదు, ఇరుగుపొరుగు తేవాలి. గుడ్లు, పప్పు. మన దగ్గర కూడా పొయ్యి వెలిగించరు కదా. నీకు చెప్పాలనుకున్నది మాత్రం ఇది: పరామర్శకు వచ్చినవారు తాము ముందు మాట్లాడకూడదు. దుఃఖంలో ఉన్నవాడు నోరు విప్పేదాకా పక్కన ఊరికే కూర్చోవాలి. సబా పెద్దకొడుకు మొదటి రోజంతా నోరు విప్పలేదు. ఇంటినిండా జనం, చప్పుడు లేదు. అతను ఏడుస్తున్నాడు, పక్కన ఇరవైమంది ఉన్నారు, ఒక్కరూ "ఊరుకో" అనలేదు. ఆ "ఊరుకో" అనే మాట నాకు అప్పటి నుంచి నోటికి రాదు.

అతను దేవుణ్ణి నమ్మడు. అయినా తండ్రి కోసం పదకొండు నెలలు కదీష్ చెప్పాడు. దానికి రోజూ పదిమంది కావాలి కాబట్టి, ఆఫీసు దగ్గర ఏదో సినగాగ్‌లో మధ్యాహ్నం ప్రార్థనకు వెళ్లేవాడట. నేను అప్పటికి ఇండియా వచ్చేశాను. ఫోనులో చెప్పాడు: "అక్కడ ఒక పళ్ల దుకాణం ఆయన రోజూ నా పక్కన నిలబడతాడు. పేరు తెలియదు. నేను ఆలస్యమైతే ఫోను చేస్తాడు, ఒకరు తక్కువ అని." ఆ కదీష్‌లో చావు మాటే ఉండదు, దేవుడి పేరు గొప్పదని తప్ప. మాటలు అరమాయిక్ భాషవి. అతనికి సగం అర్థం కాదు.

ప్రశ్న: ఇంతకుముందు ఒకసారి యూదుల అటుకుల ప్రసాదం అని రాశారు. ఎలా చేయాలి?
— పాఠకురాలు, విజయనగరం

దాన్ని మలీదా అంటారు. కొచ్చిన్‌వారిది కాదు, బెనే ఇజ్రాయెల్‌వారిది. సబా కోడలు డిమోనా పట్టణంలో పెరిగిన పిల్ల, వాళ్లది కొంకణ్ నుంచి వచ్చిన కుటుంబం. పెళ్లి కుదిరినా, కొత్త ఇల్లు చేరినా, మొక్కు తీరినా ఏలియా ప్రవక్త పేరు మీద చేస్తారు. సబా మొదట్లో "ఇది మా ఇంటి ఆచారం కాదు" అని గొణిగేవారు. తరువాత గిన్నె ఆయనే ముందు లాక్కునేవారు.

అటుకులు కడిగి నీళ్లు వార్చాలి. పచ్చి కొబ్బరి కోరు, పంచదార, ఏలకుల పొడి, జీడిపప్పు, కిస్‌మిస్ కలపాలి. పళ్లెం మధ్యలో ఇది కుప్పగా పోసి, చుట్టూ ఐదు రకాల పళ్లు పెడతారు. తినేముందు ఒక్కొక్కదానికి దాని ఆశీర్వచనం చెప్పాలి. చెట్టున కాసిన ఖర్జూరానికి ఒకటి, నేల పంటకు వేరొకటి. అరటిపండుకు నేల పంట ఆశీర్వచనమే చెబుతారు. అరటి చెట్టు కాదట, మొక్కేనట. గోదావరి జిల్లా మనిషిని, అరటితోటల్లో పెరిగినదాన్ని, ఆ ముక్క ఎడారిలో తెలిసింది.

పల్చటి అటుకులు వాడకండి, తడవగానే ముద్దవుతాయి. మందపు అటుకులు తీసుకుని, నీళ్లు పూర్తిగా వార్చి, పావుగంట జల్లెడలో ఉంచండి. మన పులిహోర మెతుకుల్లా విడివిడిగా ఉండాలి. పంచదార చివర్లో వేయండి, ముందే వేస్తే నీరు కారుతుంది.